నూటికి నూరు హాజరు

డాక్టర్ గోపాలు సారుకు నా మీద ఇప్పటికీ కోపం తగ్గలేదట. ఖమ్మంలో ఏ పెళ్లిలోనో పాత కొలీగులు కలిసినప్పుడు ఆ మాట చెవిన వేస్తుంటారు. వింటే నాకు హాయిగా ఉంటుంది. తగ్గిందని ఎవరైనా చెబితే మాత్రం ఆ రోజు నాకు అన్నం సహించదు.

రెండు వేల ఆరు ఆగస్టులో గోదావరి భద్రాచలం వీధుల్లోకి వచ్చింది. అప్పుడు నేనూ నా భర్త జస్టిన్ అక్కడే ఒక ప్రైవేటు బి.ఎడ్. కాలేజీలో లెక్చరర్లం. గోపాలు సారు మా ప్రిన్సిపాల్. మేముండే కిరాయి ఇంట్లోకి నీళ్లు చేరకముందే మూటాముల్లే సర్దుకుని కొత్తగూడెంలో మా మామగారి బొగ్గుబావి క్వార్టర్‌కు వెళ్లిపోయాం. కాలేజీ కింది గదుల నిండా బురద, పై గదుల నిండా వరద బాధితులు. పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడ చెల్లాచెదురయ్యారు. యూనివర్సిటీ మాత్రం పరీక్షల తేదీ జరపలేదు.

ఆ పిల్లల్లో నా చెల్లెలు జెస్సికా కూడా ఉంది. మా అమ్మ జోజమ్మ, బూర్గంపాడు దాటాక వాగవతల ఉన్న మా ఊళ్లో, మిషన్ హాస్టల్లో వంట చేసేది. నాన్న మా చిన్నప్పుడే పోయాడు. జెస్సికాకు జడలు వేసిందీ, ఎక్కాలు నేర్పిందీ, పట్టుబట్టి బి.ఎడ్.లో చేర్పించిందీ నేనే. ఇంట్లో అక్కా అనాలి, క్లాసులో మేడం అనాలి అని చెప్పాను. అది రెండూ కలిపి 'మేడమక్కా' అనేది, అదీ క్లాసులోనే, అందరూ వినేలా. నేను గుడ్లురిమి చూస్తే ఇంకోసారి అనేది.

ఆన్‌లైన్ క్లాసు అన్న మాట అప్పటికి మా వైపు ఎవరూ ఎరగరు. నేనూ ఏదో గొప్ప పని చేస్తున్నాననుకోలేదు. కొత్తగూడెం బస్టాండు పక్కనున్న ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని పాఠం టైపు చేసి, పిల్లలందరినీ చేర్చిన ఒక మెయిల్ గ్రూపుకు పంపేదాన్ని. ఏ ఊరికి ఆ ఊళ్లో ఒకరు దాన్ని ప్రింటు తీసి, జిరాక్సులు చేయించి, దగ్గరి పల్లెల వాళ్లకు బస్సు మీదో సైకిలు మీదో అందించేవాళ్లు. సాయంత్రం వీలున్నవాళ్లు నెట్ సెంటర్‌కు వస్తే చాటింగులో సందేహాలు చెప్పేదాన్ని. రాలేనివాళ్లు కాగితం మీద రాసి పంపితే మరునాడు జవాబు. ఎవరికి ఎట్లా కుదిరితే అట్లా. మొదటి పాఠం పంపిన రోజు జెస్సికా దగ్గర్నుంచి జవాబొచ్చింది: "పాఠం అందింది మేడమక్కా. రెండో లెక్కలో తప్పు ఉంది." నిజంగానే ఉంది.

కొద్ది రోజులకు గోపాలు సారు కొత్తగూడెం వచ్చాడు. క్వార్టర్ ముందు వేపచెట్టు కింద కుర్చీ వేస్తే కూర్చుని, సంచిలోంచి ఒక ప్రింటు తీశాడు.

"అక్సా, గిది చదువు. మనకోసమే రాసినట్టుంది."

హైదరాబాదు నుంచి వచ్చే ఒక విద్యా పరిశోధన పత్రిక ప్రకటన అది. మామూలుగా అలాంటి పత్రికకు వ్యాసం పంపితే పెద్దలు దాన్ని పరిశీలించి, దిద్దమని తిప్పి పంపి, అచ్చయ్యేసరికి ఏడాదిన్నర పట్టేది. ఈసారి వరదల కారణంగా బడులు, కాలేజీలు మూతపడినచోట ఇంటర్నెట్ ద్వారా ఎట్లా చదువు చెబుతున్నారో రాయమన్నారు. వారంలో పరిశీలిస్తారట. బాగుంటే వెంటనే నెట్‌లో పెట్టి, ఆ తరువాత ప్రత్యేక సంచికగా అచ్చు వేస్తారట. 'వరద పోయాక కాదు, మరో వరద రాకముందే ఈ సంగతులు తోటి ఉపాధ్యాయులకు చేరాలి' అని సంపాదకురాలు రాసింది. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఎక్కడో అస్సాంలోనో ఒరిస్సాలోనో నాలాంటి టీచరు మా పద్ధతి చదివి వాడుకుంటుందని ఊహించుకున్నాను.

"రాద్దాం సార్," అన్నాను.

"మరి చాటింగు క్లాసుకు ఎంతమంది వస్తున్నరు?"

"సగం మంది సార్. తక్కినోళ్లకు కాయితాలు పోతున్నయి."

"సగం అంటే ఎవరేస్తరమ్మా? నంబరు కనబడాలె. రేపటి సంది చాటింగు క్లాసు కంపల్సరీ చేద్దాం. రానోళ్లకు ఇంటర్నల్ మార్కులు కట్."

"వాగులు ఇంకా పారుతున్నయి సార్. ఆడపిల్లలు లోపలి ఊర్ల నుంచి ఎట్ల వస్తరు?"

"రెండు వారాలే గదా. సినిమాకైతే రారా?"

జస్టిన్ వైపు చూశాను. అతను టీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయాడు. సారు వెళ్లాక అడిగితే, "ఆయన దగ్గర్నే నా పి.హెచ్‌డి. సీటు ఉన్నది. రెండు వారాలు సర్దుకో," అన్నాడు. సర్దుకోను అన్నాను. అయినా మరునాడు నోటీసు పోయింది, మెయిల్ గ్రూపులోనే, నా పాఠం కిందనే, సారు పేరుతో.

హాజరు పెరిగింది. పెరగక చస్తుందా, మార్కులు పోతాయంటే. కొందరు ఆటోల వెనక వేలాడుతూ వచ్చేవాళ్లు. జెస్సికా మా ఊరి వాగు మీది చప్టా దాటి బూర్గంపాడు వచ్చి, దాని నేస్తం హేమలతతో కలిసి ఒక్క కంప్యూటరు ముందు కూర్చునేది. వాగు తగ్గిన రోజు చీలమండలు తడిసేవట, పొంగిన రోజు మోకాళ్ల దాకా. "చెప్పులు చేతిల పట్టుకొని వచ్చిన మేడమక్కా, ఇంకో రెండు మార్కులు ఎక్కువెయ్యి," అని చాటింగులో రాసింది ఒకసారి.

ఆఖరి క్లాసు రోజు ఎగువన అడవిలో వాన పడింది. మా దగ్గర ఎండే. తెర మీద ఒక్కొక్క పేరే వస్తోంది. జెస్సికా పేరు రాలేదు. కాసేపటికి హేమలత రాసింది: "మేడం, జెస్సికా వస్త అన్నది. ఇంకా రాలేదు." నేను పాఠం మొదలుపెట్టాను. మధ్యలో నెట్ సెంటర్ పిల్లాడు వచ్చి నాకు ఫోన్ అన్నాడు. మా ఊరి నుంచి.

మరునాడు పొద్దున వాగు గోదావరిలో కలిసేచోటికి కొంచెం ఇవతల, చేపలు పట్టేవాళ్లకు దొరికింది.

మిషన్ సమాధుల దొడ్లో వానలోనే పూడ్చాం. పెట్టె ముందు కొన జస్టిన్ పట్టాడు. గోపాలు సారు దండ తెచ్చి వేసి, "హుషారైన స్టూడెంటు," అన్నాడు. అమ్మ ఏడవలేదు. అందరూ వెళ్లిపోయాక పొయ్యి దగ్గర కూర్చుని, నాతో ఒక్క మాట చెప్పింది.

"నేను వద్దన్న బిడ్డా. నీళ్లు చూస్తే నాకే బుగులైంది. సరే కాలేజోళ్లను ఫోన్ చేసి అడిగొస్త, వద్దంటే ఉంట అన్నది. కిరాణం కొట్టు కాడ డబ్బా ఫోను ఉన్నది గద, పోయి మాట్లాడి వచ్చింది. పోవాల్నే అమ్మా అన్నది."

కాలేజోళ్లు అంటే నాకు ఒక్క మనిషే గుర్తొచ్చాడు. ఇంకెవరు? ఆ రోజు నుంచి నేను లేవడం, తినడం, నీళ్లు తోడడం అన్నీ గోపాలు సారు మొహం కళ్ల ముందు పెట్టుకునే చేశాను. మనిషి బతకడానికి అదొక్కటి ఉన్నా చాలునని నాకు అప్పుడే తెలిసింది.

సెలవు పెట్టి అమ్మ దగ్గర ఉండిపోయాను. నెల పూజ అయిన తరువాత, ఆ మెయిల్ గ్రూపు మూసేద్దామని బూర్గంపాడు వెళ్లాను. జెస్సికా రాసిన పాత మాటలు అందులో ఉన్నాయి, వాటిని ప్రింటు తీసుకోవాలని కూడా. గ్రూపు తెరవగానే పైన సారు పంపిన కొత్త మెయిలు ఉంది. 'మన కాలేజీకి గర్వకారణం' అని. కింద పత్రిక వెబ్‌సైటు లింకు.

వ్యాసం ఇంగ్లీషులో ఉంది. పద్ధతి నాది, మాటలు కూడా చాలావరకు నావే, జెస్సికా ఉన్నప్పుడు నేను రాసి జస్టిన్‌కు ఇచ్చినవి. రచయితల పేర్లు రెండు: డాక్టర్ గోపాలు, జస్టిన్. నా పేరు లేదు. నిజం చెప్పాలంటే అది నన్ను పెద్దగా తాకలేదు. తరువాతి పేజీలో పట్టిక ఉంది. కంపల్సరీ చేసిన తరువాత జరిగిన ప్రతి క్లాసుకూ హాజరు నూటికి నూరు. ఆఖరి క్లాసుకు కూడా. దాని కింద ఒక వాక్యం: 'ఈ కాలంలో విద్యార్థులకు ఎలాంటి ఇబ్బందీ ఎదురుకాలేదు.'

నేను ఆ వాక్యాన్ని అక్కడ కూర్చున్నంతసేపూ చదివాను. ఆ రోజు నా చెల్లెలు ఎక్కడుందో నాకు తెలుసు. వీళ్ల లెక్కలో అది క్లాసులో ఉంది.

కొత్తగూడెం బస్సెక్కి నేరుగా క్వార్టర్‌కు వెళ్లాను. జస్టిన్ మంచం మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు.

"ఇది ఏంది?" అన్నాను, ప్రింటు ముందు పడేసి.

పెన్ను కింద పెట్టాడు. "ఆమె పోకముందే పంపినం అక్సా. ఆఖరి క్లాసు అయితదనుకొని ముందే లెక్క వేసి పంపిండు సారు. తర్వాత మార్చాలంటే, డేటా మారితే మళ్ల పరిశీలనకు పోవాలె, ఈ సంచికల రాదు అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? జల్దీ జల్దీల అయిపోయింది."

"నా చెల్లెను పూడ్చి వచ్చినంక గూడ టైమున్నది గద."

మళ్లీ పేపర్ల మీదికి వంగాడు. దాన్ని నేను అప్పుడు భయం అనుకున్నాను. సీటు పోతుందన్న భయం. పిరికివాడు, అంతే అనుకున్నాను. నా పగ సారు మీద ఉంది, మొగుడి మీద పెట్టడానికి అందులో చోటు లేదు.

అక్టోబరులో ఖమ్మంలో ఆ ప్రత్యేక సంచిక ఆవిష్కరణ సభ పెట్టారు. జిల్లాలోని బి.ఎడ్. కాలేజీల వాళ్లందరినీ పిలిచారు. సంపాదకురాలు హైదరాబాదు నుంచి వస్తోంది. సారు తన వ్యాసం చదువుతాడు. ఈ కబురు తెలిసిన రోజు నాకు ఆకలేసింది, చాలా రోజుల తరువాత.

నేను ఎవరితోనూ పోట్లాడలేదు. ఉత్తరాలు రాయలేదు. హేమలత దగ్గరికి వెళ్లి, క్లాసు వాళ్లందరినీ సభకు తీసుకురావాలి అన్నాను.

"ఎందుకు మేడం?" అంది.

"సారు మన క్లాసు గురించి మాట్లాడుతడు. మనం లేకుంటే ఎట్ల?"

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. తండాలు, పల్లెలు తిరిగి అందరికీ చెప్పి వచ్చింది. అమ్మతో మాత్రం, "చెల్లె గురించి సభ పెట్టిండ్రు, రా," అన్నాను. అమ్మ తెల్లచీర కట్టుకుని వచ్చింది.

హాలు నిండింది. సారు కొత్త సూటులో వేదిక మీద, పక్కన సంపాదకురాలు. జరీ లేని నేత చీర, తెల్లజుట్టు, చురుకైన కళ్లు. జస్టిన్ ముందు వరసలో. నేనూ అమ్మా మధ్యలో, మా చుట్టూ పిల్లలు. సారు వ్యాసం చదివి, 'నూటికి నూరు' అన్నచోట ఆగి, చప్పట్ల కోసం చూశాడు. చప్పట్లు కొట్టారు. సంపాదకురాలు లేచి, "ఏడాదిన్నర ఆగి ఉంటే ఈ అనుభవం ఎవరికీ పనికొచ్చేది కాదు," అని, ఎవరికైనా ప్రశ్నలు ఉన్నాయా అని అడిగింది.

నేను లేచాను.

"సార్, ఆ క్లాసు పిల్లలందరు ఇక్కడనే ఉన్నరు. మేడం గారు చూస్తరు. ఒక్కసారి హాజరు పిలవరా?"

సారు నవ్వాడు. "ఇప్పుడెందుకమ్మా?"

"పిలవండి," అంది సంపాదకురాలు, సంతోషంగానే. "పిల్లలు ఇంత దూరం వచ్చారంటే మంచిదే కదా."

సారు మొహంలో రంగు మారడం నేను దూరం నుంచే చూశాను. కాదనే వీలు లేదు. ఫైలు తెరిచి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. పిల్లలు ఒక్కొక్కరే లేచి, "హాజరు సార్," అంటున్నారు. అతని గొంతు సన్నబడుతూ వచ్చింది. జెస్సికా పేరు దగ్గరికి వచ్చాడు. దాటేసి తరువాతి పేరు పిలిచాడు. అది హేమలతది. హేమలత లేవలేదు.

"హేమలత," మళ్లీ పిలిచాడు.

"నా ముందు పేరు పిలవలేదు సార్," అంది హేమలత, కూర్చునే.

అమ్మకు ఇంగ్లీషు రాదు, పట్టికలు తెలియవు. కానీ బిడ్డ పేరు ఎక్కడ రావాలో తెలుసు. హాస్టల్లో ఎన్నో ఏళ్లుగా పిల్లల హాజరు వింటూ అన్నం వడ్డించిన మనిషి. మెల్లగా లేచి నిలబడింది.

"మా జెస్సికను పిలవలేదు సారూ."

సారు ఫైలు మూశాడు. సంపాదకురాలు అటూ ఇటూ చూసింది. "ఎవరీమె? ఆ అమ్మాయి ఏది?"

నేను చెప్పాను. ఆఖరి క్లాసు రోజు జరిగింది చెప్పాను. చప్టా, వాగు, మార్కుల నోటీసు, మరునాటి పొద్దు. సంపాదకురాలు సారు వైపు తిరిగి, "మీరు ఆఖరి క్లాసుకు కూడా ఆమె వచ్చిందని రాశారు," అంది.

అప్పుడు సారు అన్నాడు, మైకు ముందే, చెమటలు తుడుచుకుంటూ: "ఆ పొద్దు ఆ పిల్లను రమ్మన్నది నేను కాదు మేడం. ఆమె నాకు ఫోనే చెయ్యలే. జస్టిన్‌కు చేసింది. అడగండ్రి. అరె జస్టిన్, చెప్పవేంది?"

జస్టిన్ లేవలేదు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. అంతే. ఆ చూపు చాలు.

సభ అర్ధాంతరంగా ముగిసింది. బయట వరండాలో అతన్ని నిలబెట్టి అడిగాను.

"ఫోన్ చేసిందా?"

"చేసింది. నువ్వు నెట్ సెంటర్‌కు పోయినంక."

"ఏమన్నది?"

"వాగు జోరు మీదున్నది బావా, ఇయ్యాల రాకుంటే ఏమైతది అన్నది."

"నువ్వేమన్నవ్?"

"ఆఖరి క్లాసు గద, ఒక్కరు తక్కువైనా లెక్క చెడుతది, చూసుకొని రా అన్న."

అమ్మ చేయి పట్టుకుని బస్టాండుకు నడిచాను. కొత్తగూడెంలో బస్సు ఆగింది, క్వార్టర్‌కు పోయే దారి కిటికీలోంచి కనిపించింది. దిగలేదు. నా చీరలు ఇప్పటికీ ఆ క్వార్టర్‌లోనే ఉండాలి, మా అత్తగారు ఎవరికీ ఇవ్వకపోతే.

కొన్నాళ్లకు సంపాదకురాలు మిషన్ ఫోనుకు కాల్ చేసింది. వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నామంది.

"తొందరపడ్డాం అని అందరూ అంటున్నారు. తప్పు తొందరది కాదు అక్సా. నేను అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగలేదు. పిల్లలు నెట్ సెంటర్‌కు ఎట్లా వచ్చారు అని. అది అడగడానికి ఏడాదిన్నర అక్కర్లేదు, ఒక్క నిమిషం చాలు." కొంచెం ఆగి, "జరిగింది నువ్వు రాయి. అంతే తొందరగా వేస్తాను," అంది.

బూర్గంపాడు నెట్ సెంటర్‌లో, జెస్సికా కూర్చునే కంప్యూటరు దగ్గరే కూర్చుని రాశాను. పాఠాలు కాగితంగా పంపినప్పుడు ఏం జరిగింది, కంపల్సరీ చేశాక ఏం జరిగింది. నా పద్ధతిలో ఎక్కడ మంచి ఉందో అది కూడా రాశాను, ఎందుకంటే అస్సాంలోని ఆ టీచరుకు అది కావాలి. ఆఖరున ఆ రోజు సంగతి. పేర్లతో సహా.

సంపాదకురాలు మళ్లీ ఫోన్ చేసింది. "పరిశోధన వ్యాసాల్లో పేర్లు రాయడం ఆనవాయితీ కాదమ్మా. ఒక ప్రిన్సిపాల్, ఒక అధ్యాపకుడు అందాం."

"వాళ్ల వ్యాసం మీద వాళ్ల పేర్లు ఉన్నయి గద మేడం. పొగడ్తకైతే పేరు కావాలె, దీనికైతే వద్దా?"

చివరికి, ముందు వాళ్లిద్దరికీ చూపిస్తాననీ, వాళ్ల జవాబులు ఏమున్నా కిందే వేస్తాననీ అంది. సరేనన్నాను.

జస్టిన్ మా ఊరొచ్చాడు. ఎండాకాలంలా ఎండ కాస్తోంది. అమ్మ హాస్టల్ నుంచి అప్పుడే వచ్చి బియ్యం ఏరుతోంది. "అత్తమ్మా," అన్నాడు గుమ్మంలో నిలబడి. అమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. తాగాడు.

"నా పేరు తీసెయ్ అక్సా," అన్నాడు. "సారు పేరు ఉంచు. అది న్యాయమే. నేను తెలిసి చేసిన్నా? నాకు మాత్రం ఆమె చెల్లె కాదా?"

"చెల్లె అని పెట్టె మోసినవ్. మోసి వచ్చి, క్లాసుల ఉన్నదని ఉన్న ఆ కాయితం గట్లనే ఉంచినవ్."

"అది అచ్చయితే నాకు ఎక్కడ నౌకరి దొరకదు."

"అవ్."

"నా పేరు రాయకుంటే నీకేం పోతది?"

"నాకేం పోదు."

"మరెందుకు రాస్తున్నవ్?"

"నీకు ఏమన్న పోవాలనే రాస్తున్న."

నా వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తరువాత అమ్మ వైపు చూశాడు. అమ్మ తలెత్తలేదు. చెంబు గుమ్మం పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

అతను మలుపు తిరిగాక అమ్మ చేట కింద పెట్టింది. "క్షమించమనే గదా బిడ్డా మనకు చెప్పింది. రోజూ చదువుకునేదే గదా ఆ ప్రార్థన."

"నువ్వు క్షమించు అమ్మా. నేను వద్దన్ననా? ఇద్దరం క్షమిస్తే ఇంక దాని దిక్కు ఎవరుంటరు?"

అమ్మ మళ్లీ బియ్యం ఏరుకుంది.

వ్యాసం నవంబరులో నెట్‌లోకి వచ్చింది. అంత త్వరగా తామింతవరకు ఏదీ వేయలేదని సంపాదకురాలు చెప్పింది. జస్టిన్ జవాబు పంపలేదు. గోపాలు సారు మాత్రం పొడుగ్గా పంపాడు. ఆ అమ్మాయి తన ఇష్టం మీదే వచ్చిందనీ, వాగు సంగతితో కాలేజీకి సంబంధం లేదనీ, ఒక్కరి వల్ల మొత్తం ఫలితం అబద్ధమైపోదనీ రాశాడు. సంపాదకురాలు ఒక్క అక్షరం మార్చకుండా వేసింది. నేను రాసినదానికంటే ఆ జవాబే ఆయన్ను ముంచింది. పిల్లల తల్లిదండ్రులు దాన్ని తెలుగు చేయించుకుని చదివి, కాలేజీ గేటు ముందు కూర్చున్నారు. క్రిస్మస్ లోపే యాజమాన్యం ఆయన్ను సాగనంపింది. పోతూ పోతూ, 'ఆ ఆడది నా బతుకు తీసింది' అన్నాడట. ఎవరో చెబితే ఇంకోసారి చెప్పించుకుని విన్నాను.

జస్టిన్ పి.హెచ్‌డి. సీటు సారుతోనే పోయింది. మచిలీపట్నం వైపు ఏదో స్కూల్లో చేరాడని, అక్కడా ఎవరో నెట్‌లో వెతికి చూశారని, ఇంకో ఊరు మారాడని విన్నాను. ఇప్పటికీ అతని పేరు, మా కాలేజీ పేరు కలిపి కొడితే మొదట వచ్చేది నా వ్యాసమే. అప్పుడప్పుడు నేనే కొట్టి చూస్తాను, ఉందో లేదోనని. ఉంటుంది.

నా వ్యాసం అచ్చయిన సంచిక పోస్టులో వచ్చిన రోజు ఆదివారం కాకపోయినా అమ్మ తలస్నానం చేసింది. పత్రికను చేతుల్లోకి తీసుకుని, అట్ట నిమిరి, నాకిచ్చింది.

"చదువు."

"ఇంగ్లీషుల ఉన్నదమ్మా."

"తెలుగుల చెప్పుకుంట చదువు."

మంచం మీద కూర్చుని ఒక్కొక్క వాక్యమే తెలుగు చేసి చెప్పాను. అమ్మ గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని వింది. కాగితాల పాఠాలు, జిరాక్సులు, సైకిళ్ల మీద వెళ్లినవి. మార్కుల నోటీసు. చప్టా. జెస్సికా పేరు వచ్చినచోట ఆగి, నీళ్లు తాగి మళ్లీ చదివాను. అమ్మ కదల్లేదు. ఫోను సంగతి, ఆ మాటలు, ఆఖరి వాక్యం దాకా చదివి పుస్తకం మూశాను.

బయట హాస్టల్ పిల్లలు అన్నానికి పళ్లాలు చప్పుడు చేస్తున్నారు. అమ్మ లేచి పోవాల్సిన వేళ. లేవలేదు.

"ఆ పేరున్న కాడ ఇంకోసారి చదువు బిడ్డా," అంది, కళ్లు తెరవకుండానే.

చెల్లి పేరున్న పేజీ తీశాను.

"అది కాదు," అంది అమ్మ. "అల్లునిది."